1830ల నాటి బర్టన్ పేల్ ఏల్ ఇంట్లో: 20 లీటర్లకు కొలతలు, జాగ్రత్తలు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. 1830 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని బర్టన్ పట్టణంలో తయారై ఓడల్లో మద్రాసు, కలకత్తా చేరిన పేల్ ఏల్ (లేత రంగు బీరు) లాంటిది ఇంగ్లండ్‌లో మీ ఇంట్లో 20 లీటర్లు చేయాలనుకుంటున్నారు. రెసిపీలో 10 శాతం క్రిస్టల్ మాల్ట్ (మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, క్రిస్టల్ అంటే రంగు, తీపి కోసం వేయించినది), సిట్రా హాప్స్ (హాప్స్ అంటే బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు), ఓక్ చిప్స్ (ఓక్ చెక్క ముక్కలు) రాసుకున్నారు. ఆల్కహాల్ 8 శాతం రావాలనుకుంటున్నారు. రెండు వారాలకు సీసాల్లో నింపొచ్చా అని అడిగారు.

వీటిలో ఒక్కటి కూడా ఉంచక్కర్లేదు. సిట్రా ఈ కాలపు అమెరికన్ హాప్. క్రిస్టల్ మాల్ట్ ఇంగ్లిష్ పేల్ ఏల్‌లోకి వచ్చింది 19వ శతాబ్దం చివర్లో. చక్కెర కూడా వద్దు, 1847 దాకా బ్రిటన్‌లో బీరు కాచేవాళ్లు చక్కెర వాడటానికి చట్టం ఒప్పుకునేది కాదు. కాబట్టి 1830ల బీరంటే ఒకే ఒక్క మాల్ట్, హాప్స్, నీళ్లు, ఈస్ట్. ఇంత తక్కువ సరుకుతో ఆ రుచి ఎలా వచ్చిందంటే సగం నీళ్ల వల్ల, సగం నెలల తరబడి పీపాలో ఊరడం వల్ల. మీ రెసిపీలో లేనివి సరిగ్గా ఆ రెండే.

8 శాతం సంగతి. ఓడ ప్రయాణం తట్టుకోవడానికి బాగా ఘాటుగా చేసేవారన్న కథ అందరూ చెప్తారు గానీ, ఇండియాకు వెళ్లిన పేల్ ఏల్ ఆరు, ఆరున్నర శాతం దగ్గరే ఉండేది. అప్పటి లండన్ మైల్డ్ ఏల్స్ (ఊరబెట్టకుండా తాజాగా తాగేవి) చాలావరకు దానికంటే ఘాటైనవి. పోర్టర్ అనే ముదురు రంగు బీరు కూడా అదే దారిలో ఇండియాకు వచ్చేది. తూర్పు లండన్‌లో బో దగ్గరున్న హాడ్జ్‌సన్ బ్రూవరీకి ఈ వ్యాపారం దక్కడానికి కారణం రేవు పక్కనే ఉండటం, ఈస్టిండియా ఓడల కెప్టెన్లకు నెలల తరబడి అప్పివ్వడం. 1820ల్లో బర్టన్ నుంచి ఆల్‌సాప్, ఆ వెనకే బాస్ దిగాక హాడ్జ్‌సన్ వెనకబడ్డాడు. బర్టన్ బావి నీళ్లతో చేసిన ఏల్ ఇంకా తేటగా, ఇంకా పొడిగా, అంటే తీపి మిగలకుండా వచ్చేది. నాలుగు నుంచి ఆరు నెలల ప్రయాణంలో బీరును కాపాడింది హాప్స్, ఆ పైన ఈ పొడితనం. లోపల తినడానికి చక్కెర మిగలకపోతే పాడుచేసే సూక్ష్మజీవికి పని ఉండదు.

సామాను ఇదీ. ఫెర్మెంటర్‌లోకి (బీరు పులిసే పాత్రలోకి) 20 లీటర్లు చేరాలని లెక్క.

మాల్ట్: షెవాలియర్ దొరికితే అదే, లేకపోతే తక్కువ రంగున్న మారిస్ ఆటర్, 6.5 కిలోలు
హాప్స్: ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ ఆకు రూపంలో, ఆల్ఫా (చేదునిచ్చే ఆమ్లం) 5 శాతం దగ్గర, ఉడికించడానికి 220 గ్రాములు, చివర్లో చల్లగా వేయడానికి 50 గ్రాములు
నీళ్లు: 34 లీటర్లు
జిప్సం 20 గ్రాములు, ఎప్సం సాల్ట్ 5 గ్రాములు, కాల్షియం క్లోరైడ్ 3.5 గ్రాములు
ఈస్ట్: నాటింగ్‌హామ్ డ్రై ఈస్ట్ 11 గ్రాముల ప్యాకెట్లు రెండు, లేదా వైట్ ల్యాబ్స్ వారి బర్టన్ ఏల్ ఈస్ట్ స్టార్టర్ కట్టి (ముందే కొద్దిగా మాల్ట్ రసంలో పెంచి)
తర్వాత వేయడానికి: బ్రెట్టనోమైసిస్ క్లాసెనీ (నిదానంగా పనిచేసే మరో ఈస్ట్, కింద బ్రెట్ అన్నది దీన్నే) ఒక ప్యాకెట్

షెవాలియర్ 1820ల్లో సఫొక్‌లో మొదలై ఆ శతాబ్దమంతా ఇంగ్లండ్ పొలాలను ఏలిన బార్లీ. నారిచ్‌లోని జాన్ ఇన్నెస్ సెంటర్ దాచిపెట్టిన విత్తనంతో దాన్ని మళ్లీ బతికించారు, ఇప్పుడు క్రిస్ప్ కంపెనీ మాల్ట్‌గా అమ్ముతోంది. ఖరీదు ఎక్కువే, కానీ రుచిలో తేడా తెలుస్తుంది. మారిస్ ఆటర్ 1960ల రకం, అయినా తప్పేమీ లేదు. షెవాలియర్‌తో చేస్తే పులిశాక కాస్త తీపి ఎక్కువ మిగులుతుంది. అందుకని దానికి మ్యాష్‌ను (మాల్ట్‌ను వేడినీళ్లలో నానబెట్టి చక్కెర దించడం) 65 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచండి.

ఇక నీళ్లు. ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. బర్టన్ బ్రూవరీలు వాడింది ట్రెంట్ నది నీళ్లు కాదు, జిప్సం పొరల్లోంచి ఊరిన బావి నీళ్లు. లీటరుకు దాదాపు 270 మిల్లీగ్రాముల కాల్షియం, 600 పైన సల్ఫేట్ ఉండేవి. బడిలో చదువుకున్న శాశ్వత కాఠిన్యం, తాత్కాలిక కాఠిన్యం గుర్తు తెచ్చుకోండి. సల్ఫేట్ వల్ల వచ్చేది శాశ్వతం, మరిగించినా పోదు. బైకార్బొనేట్ వల్ల వచ్చేది తాత్కాలికం, మరిగిస్తే సున్నమై అడుక్కి దిగిపోతుంది. మీ కెటిల్ అడుగున పేరుకునే తెల్లటి పొర అదే. లండన్, థేమ్స్ లోయ కుళాయి నీళ్లు కఠినమైనవే గానీ ఆ కాఠిన్యం ఎక్కువగా రెండో రకం. "మా నీళ్లు ఎలాగూ హార్డే, బర్టన్ లాంటివే" అనుకుంటే పొరపాటు. ఆ నీళ్లు పోర్టర్‌కు సరిపోతాయి. పేల్ ఏల్‌కు వాడితే మ్యాష్ పీహెచ్ పైకెక్కి, చేదు నాలుక వెనక గీరుకుపోతున్నట్టు ఉంటుంది, రంగు కూడా ఎర్రబారుతుంది.

రెండో పొరపాటు దీనికి అద్దంలో ప్రతిబింబం లాంటిది. నీళ్లలో లవణాలు లెక్కగట్టే కాలిక్యులేటర్‌లో "బర్టన్" అని ఎంచుకోగానే బైకార్బొనేట్ 250 చూపిస్తుంది, అంత రావాలని చాక్ (సుద్ద) కలుపుతారు. బర్టన్ వాళ్ల కాగులో నీళ్లు మరిగేటప్పుడు ఆ బైకార్బొనేట్‌లో చాలా భాగం సున్నంగా దిగిపోయేది. వాళ్లు వదిలించుకున్నదాన్ని మనం కొని కలపడమెందుకు? చాక్ ఊసే వద్దు.

అందుకే ఆర్ఓ నీళ్లతో మొదలుపెట్టమంటాను. పైన రాసిన లవణాలతో కాల్షియం 165, సల్ఫేట్ 390, క్లోరైడ్ 50 దగ్గర వస్తాయి. అసలు బర్టన్ సల్ఫేట్‌లో ఇది మూడింట రెండొంతులు. కావాలనే తగ్గించాను. పూర్తి 600 పెడితే తాజాగా ఉన్నప్పుడు సుద్ద నములుతున్నట్టుంటుంది. ఇంత సల్ఫేట్‌తోనే గ్లాసులో పోయగానే అగ్గిపుల్ల గీసినప్పటి గంధకం వాసన సన్నగా తగులుతుంది. బర్టన్ బీరుకు అది గుర్తు, దోషం కాదు. జిప్సం వేడినీళ్లలో బాగా కరగదు, చన్నీళ్లలోనే వేసి ఐదు నిమిషాలు కలియబెట్టండి, తర్వాత వేడి చేయండి. కొనేది తినడానికి పనికొచ్చే రకమై ఉండాలి. మన దగ్గర వేరుశనగ చేలో చల్లే జిప్సం దీనికి పనికిరాదు. ఎప్సం సాల్ట్ అంటే పాత పుస్తకాల్లో భేది ఉప్పు, పేరే హెచ్చరిక. 5 గ్రాములు దాటొద్దు.

కుళాయి నీళ్లే వాడాల్సి వస్తే ముందురోజు పావుగంట మరిగించి, చల్లార్చి, పైనున్న తేటను వంచుకోండి. కుళాయి నీళ్లలో కలిపే క్రిమిసంహారకం క్లోరమీన్ పోవడానికి అర క్యాంప్‌డెన్ (సల్ఫైట్) మాత్ర చాలు. అది మరిస్తే బీరు ఆస్పత్రి వాసన కొడుతుంది, ఆ తర్వాత చేయగలిగిందేమీ ఉండదు.

మారిస్ ఆటర్ అయితే మ్యాష్ 66 డిగ్రీల దగ్గర, 90 నిమిషాలు. మాల్ట్ 18 డిగ్రీల దగ్గరుంటే 16 లీటర్ల నీళ్లు 74, 75 డిగ్రీల మీద పోస్తే సరిగ్గా అక్కడికి దిగుతుంది. పదిహేను నిమిషాలకు ఒక గరిటెడు తీసి గది వేడికి చల్లార్చి పీహెచ్ చూడండి. 5.3, 5.4 మధ్య ఉండాలి. ఎక్కువుంటే 80 శాతం లాక్టిక్ ఆమ్లం ఒక్కో మిల్లీలీటరు చొప్పున. మూడు మిల్లీలీటర్లు దాటి అడిగిందంటే మీ నీళ్ల లెక్కలో తేడా ఉంది.

స్పార్జ్ చేయాలా? పైనుంచి నీళ్లు చిలకరిస్తూ కడిగే పద్ధతి స్కాట్లండ్‌ది, ఇంగ్లండ్ అంతటా పాకడానికి కాలం పట్టింది. 1830ల్లో ఇంగ్లిష్ పద్ధతి ఒకసారి వంపేశాక మళ్లీ వేడినీళ్లు పోసి రెండో మ్యాష్ పెట్టడం. ఇంట్లో బ్యాచ్ స్పార్జ్ అని చేసేది దాదాపు అదే. మొదటిది వంపేశాక 77 డిగ్రీల నీళ్లు 17.5 లీటర్లు పోసి, బాగా కలిపి, పావుగంట ఆగి వంపేయండి. కాగులో 27 లీటర్ల వర్ట్ (పులియని మాల్ట్ రసం), గ్రావిటీ (నీటితో పోల్చిన సాంద్రత, చక్కెర ఎంతుందో చెప్పే అంకె) 1.052 దగ్గర రావాలి. తక్కువొస్తే లేత డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ ప్రతి 100 గ్రాములకు ఒకటిన్నర పాయింట్లు (ఒక పాయింట్ అంటే 0.001) పెరుగుతుంది. ఇంకా రావాలని మాల్ట్ పిప్పిని పిండుతూ కూర్చోవద్దు, పొట్టులోని వగరు దిగుతుంది.

తెర్లడం మొదలయ్యాక 90 నిమిషాలు. మొదట్లో 100 గ్రాముల హాప్స్, చివరి అరగంటకు 80, చివరి పది నిమిషాలకు 40. కలిపి లీటరుకు 11 గ్రాములు. పాత కొలతలో 36 గ్యాలన్ల బ్యారెల్‌కు నాలుగు పౌండ్లు. ఎగుమతి బీరుకు ఇంతకంటే ఎక్కువ వేసిన సందర్భాలూ ఉన్నాయి, కానీ అప్పటి హాప్స్ ఇప్పటిలా వాక్యూమ్ సంచుల్లో, ఫ్రీజర్లలో ఉండేవి కావు, కాబట్టి అంకెను అంకెగా ఎత్తి రాసుకోకూడదు. లెక్కకు 90 ఐబీయూ (చేదు కొలత) దగ్గర వస్తుంది, చూసి కంగారు పడొద్దు. ఆరు నెలలు ఊరేసరికి చేదు బాగా దిగిపోయి గుండ్రబడుతుంది. ఆకు హాప్స్ ఇంత మొత్తంలో ఉంటే లీటరు నుంచి రెండు లీటర్ల వర్ట్ పీల్చేసుకుంటాయి. చివరికి 22.5 లీటర్లు ఉండాలని పెట్టుకున్నది అందుకే. గుళికలు వాడితే కాగు అడుగున బురదలా చేరి కుళాయి మూసుకుపోతుంది, ఇక్కడ ఆకే మేలు.

గబగబా చల్లార్చి 15 డిగ్రీలకు దించి, గాలి బాగా తగిలేలా గిలకొట్టి ఈస్ట్ వేయండి. మొదలు గ్రావిటీ 1.062 అటూఇటూ. బర్టన్‌లో 58 ఫారెన్‌హీట్ దగ్గర మొదలుపెట్టి, పులిసే వేడికే 70 దాకా ఎక్కనిచ్చేవారు. మీరూ 15 నుంచి 21 డిగ్రీలకు మూడు నాలుగు రోజుల్లో నెమ్మదిగా ఎక్కనివ్వండి. మొదటి రోజే 24 దాటితే పండిన అరటిపండు, నెయిల్ పాలిష్ వాసనలు వస్తాయి, ఎన్ని నెలలు ఊరబెట్టినా అవి పూర్తిగా పోవు. పది రోజులకు 1.014 కిందికి రావాలి. 1.018 దగ్గర ఆగిపోతే ఫెర్మెంటర్‌ను మెల్లగా తిప్పి, 21 డిగ్రీల్లో ఇంకో వారం ఉంచి చూడండి.

మామూలు ఏల్ అయితే ఇక్కడితో సీసాల్లోకి పోతుంది. ఈ బీరుకు అసలు పని ఇప్పుడే మొదలవుతుంది.

బర్టన్ వాళ్లు దీన్ని పీపాల్లో నింపి, హాప్స్ వేసి, బ్రూవరీ ఆవరణలో దొంతర్లుగా పేర్చి నెలల తరబడి ఉంచేవారు. ఆ చెక్కలో బ్రెట్టనోమైసిస్ అనే మరో ఈస్ట్ కాపురముండేది. మామూలు ఈస్ట్ తినలేక వదిలేసిన చక్కెరలను అది నిదానంగా తినేసేది. 1900ల మొదట్లో కార్ల్స్‌బర్గ్‌లో క్లాసెన్ దీన్ని ఇంగ్లిష్ బీర్లలోంచి విడదీసి, బ్రిటిష్ శిలీంధ్రమన్న అర్థంలోనే ఆ పేరు పెట్టాడు. మీరు కొనే ప్యాకెట్ మీదున్న క్లాసెనీ ఆయన పేరే. ఇది మిగతా బ్రెట్ రకాలంత మొరటుది కాదు. గుర్రపుశాల వాసన తక్కువ, అనాసపండు, పాత తోలు లాంటి వాసన లేతగా.

బీరును మడ్డి మీద నుంచి డెమీజాన్ అనే పెద్ద గాజు సీసాల్లోకో స్టీలు కెగ్‌లోకో తీసుకుని, మెడ దాకా నింపి, బ్రెట్, 20 గ్రాముల గోల్డింగ్స్ వేయండి. ప్లాస్టిక్ బకెట్‌లో నెలల తరబడి ఉంచితే దాని గోడల్లోంచి గాలి దూరుతూనే ఉంటుంది, బ్రెట్‌కు గాలి తగిలితే వినిగర్ తయారవుతుంది. 18 నుంచి 20 డిగ్రీల్లో నాలుగు నుంచి ఆరు నెలలు. పైన తెల్లటి పలచటి పొర ముడతలుగా కడితే భయపడి కదపొద్దు, అది మామూలే. పీచుతో పచ్చగానో నల్లగానో బూజు కనిపిస్తే మాత్రం పారబోయడమే. ఈ పనికి వాడిన గొట్టాలు, కుళాయిలు విడిగా పెట్టుకోండి, మళ్లీ మామూలు బీరుకు వాడొద్దు.

ఓక్ చిప్స్ ఎందుకు వద్దన్నానో ఇక్కడ చెప్పాలి. పీపా ఓక్‌దే అయినా ఇంగ్లిష్ బ్రూవర్లు ఏరికోరి బాల్టిక్ ప్రాంతపు ఓక్ తెప్పించుకునేది బీరుకు చెక్క రుచి అంటకూడదనే. వెనీలా, కొబ్బరి వాసనలొచ్చే అమెరికన్ ఓక్‌ను పేల్ ఏల్‌కు దూరంగా పెట్టేవారు. చిప్స్ వేస్తే వాళ్లు లోపమనుకున్నదాన్ని మీరు డబ్బిచ్చి తెచ్చుకున్నట్టు.

సీసాల్లో నింపేముందు అంకెలు చూడాలి, క్యాలెండర్ కాదు. గ్రావిటీ ఒక పాయింట్ దిగితే బీరులో దాదాపు అర వాల్యూమ్ (బీరు పరిమాణంలో సగమంత) గ్యాస్ పుడుతుంది. 1.013 దగ్గర సీసా మూసేస్తే, లోపల బ్రెట్ దాన్ని 1.007కి దించేసరికి మూడు వాల్యూములు కొత్తగా చేరతాయి. మీరు వేసిన చక్కెర వల్ల వచ్చేది దానికి అదనం. మామూలు బీరు సీసా తట్టుకునేది మొత్తం మీద మూడు దాకా. రెండు వారాలకు నింపొచ్చా అన్న మీ ప్రశ్నకు జవాబు ఇదే: బ్రెట్ వేసి అలా చేస్తే అలమరలో గాజుపెంకులు ఏరుకోవాల్సి వస్తుంది.

బ్రెట్ లేకపోయినా చల్లగా వేసే హాప్స్ కూడా గ్రావిటీని కొద్దిగా దించుతాయి. హాప్స్‌లో ఉండే ఎంజైములు మిగిలిన పిండిపదార్థాన్ని చక్కెరగా విరగ్గొడతాయి, ఈస్ట్ దాన్ని తింటుంది. ఇప్పుడు కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడుకుంటున్నారు గానీ, బర్టన్‌లో పనిచేసిన హొరేస్ బ్రౌన్, మోరిస్‌తో కలిసి 1893లోనే దీన్ని రాశాడు.

కాబట్టి నాలుగో నెల నుంచి నెలకోసారి చూడండి. గ్రావిటీ 1.010 కిందికి వచ్చి, వరసగా రెండు నెలలు కదలకుండా ఉంటే సిద్ధం. అప్పుడు మిగిలిన 30 గ్రాముల హాప్స్ సంచిలో కట్టి రెండు వారాలు వేయండి. మొదటి వారంలో పసరు వాసన వస్తుంది, తర్వాత సద్దుకుంటుంది. తీశాక గ్రావిటీ ఇంకొక్కసారి చూసి, లీటరుకు 4 గ్రాముల చక్కెర, మొత్తానికి 2 గ్రాముల కొత్త డ్రై ఈస్ట్ కలిపి మందమైన సీసాల్లో నింపండి. పాత ఈస్ట్ అప్పటికి నీరసించి ఉంటుంది, కొత్తది వేయకపోతే గ్యాస్ పట్టడానికి నెలలు పడుతుంది. గదిలో మూడు వారాలు ఉంచాక ఒకటి తెరిచి చూడండి. తాగేటప్పుడు 12 డిగ్రీల దగ్గర, అడుగు మడ్డి కదలకుండా ఒకే వంపులో గ్లాసులోకి. ఫ్రిజ్ చల్లదనంలో సల్ఫేట్ పొడితనం తప్ప ఏమీ తెలియదు.

చట్టం సంగతి ఒక్క మాట. బ్రిటన్‌లో 1963 నుంచి సొంతానికి ఇంట్లో కాచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు, అమ్మకూడదంతే. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఉన్న పాఠకులకు ఆ వెసులుబాటు లేదు, లైసెన్సు లేకుండా తయారుచేయడం ఎక్సైజ్ చట్టాల కింద నేరం.

ఆరు నెలలు ఆగలేనంటే బ్రెట్ మానేయండి. ఉడికించే హాప్స్‌ను 220 నుంచి 160 గ్రాములకు తగ్గించండి, చేదు తగ్గడానికి టైముండదు కాబట్టి. మ్యాష్ 65కి దించి, నాటింగ్‌హామ్ ఈస్ట్‌తో 1.011 దాకా తెచ్చి, హాప్స్ వేసి, గ్రావిటీ వారం పాటు కదలలేదని చూసుకుని నింపితే ఎనిమిది వారాల్లో తాగొచ్చు. అది ఇండియా ఓడ ఎక్కిన బీరు కాదు గానీ మంచి పేల్ ఏల్ అవుతుంది. వీలైతే బ్యాచ్‌ను సగం చేసి, ఒక సగానికే బ్రెట్ వేయండి. రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టుకుంటే ఆ ఆరు నెలలు ఏం చేశాయో తెలుస్తుంది.